ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు: హోస్ క్లాంపులతో ఇంట్లోనే బ్యాలెన్స్ చేయవచ్చా?

వెనకచక్రం:

నమస్కారం. నాది వెనక చక్రాలకు పవర్ వెళ్లే పాత సెడాన్. ముందు ఇంజను, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), మధ్యలో ఒకే ముక్కగా ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్. ఈ మధ్య ఆ షాఫ్ట్ రెండు చివరలా క్రాసులు (షాఫ్ట్‌ను కోణంలోనూ తిరగనిచ్చే ప్లస్ ఆకారపు జాయింట్లు) మార్పించాను. గేరు మార్చినప్పుడల్లా వినిపించే టకటక పోయింది కానీ కొత్త జబ్బు పట్టుకుంది. గంటకు 70 కి.మీ. దాటగానే సీటు కింద సన్నగా అదురు మొదలవుతుంది. 90 దగ్గర కారంతా జోరీగలా రొద పెడుతుంది. 110 దాటితే కొంత నెమ్మదిస్తుంది. స్టీరింగ్ మాత్రం నిశ్చలంగా ఉంటుంది.

టైర్లు బ్యాలెన్స్ చేయించాను. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూశాను. ఏ తేడా లేదు. క్రాసులు మార్చిన వాళ్లను అడిగితే "కొత్త క్రాసులు వేశాం, ఇక మా పని అయిపోయింది" అంటున్నారు.

రేడియేటర్ గొట్టానికి బిగించే హోస్ క్లాంపునే షాఫ్ట్‌కు బిగించి, తిప్పి తిప్పి చూసి అదురు తగ్గించవచ్చని విన్నాను. అంత చిన్న పట్టీ ఇంత పెద్ద ఇనుప గొట్టాన్ని నిజంగా సరిచేస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

రెంచి:

వద్దండీ. షాఫ్ట్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. క్లాంపు వదులైతే నేలను చీల్చుకుని కారులోకి వస్తుంది. విప్పి బ్యాలెన్సింగ్ మెషిన్ ఉన్నవాళ్లకు ఇవ్వండి. క్షణాల్లో చెబుతారు.

లేతుమనిషి:

రెంచి గారి భయం అర్థం చేసుకోదగినదే. కానీ క్లాంపు పద్ధతి గల్లీ కిటుకు కాదు. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సర్వీసు మాన్యువళ్లలోనే అది ఉంది. పైగా మెషిన్ మీద షాఫ్ట్ ఒక్కటే తిరుగుతుంది. కారులో దానికి గేర్‌బాక్స్ చివర, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) కూడా తోడవుతాయి. మెషిన్ మీద బాగున్న షాఫ్ట్ ఆ ఫ్లాంజ్ కాస్త వంకరగా ఉంటే కారులో అదరవచ్చు.

వెనకచక్రం గారూ, క్లాంపు కొనే ముందు ఒక చిన్న లెక్క చేయండి. నాకు విసుగు తెప్పించేది ఒకటే: ఏది అదురుతోందో తెలియకుండా టైర్లు, బేరింగులు, షాక్ అబ్జార్బర్లు వరసగా మార్చుకుంటూ పోవడం. కారులో తిరిగే ప్రతి వస్తువుకూ తన వేగం ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో తెలిస్తే దొంగ ఎవరో సగం తెలిసినట్టే.

టైరు మీద సుద్దతో గీత పెట్టి, కారును ఒక పూర్తి చుట్టు నెట్టి, నేల మీద దూరం కొలవండి. చాలా కార్లకు అది 2 మీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. 2 మీటర్లే అనుకుందాం. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు పన్నెండున్నర చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1 అయితే షాఫ్ట్ దానికి 4.1 రెట్లు, సెకనుకు 51 చుట్లు, నిమిషానికి మూడు వేల పైచిలుకు తిరుగుతుంది.

కాబట్టి 90 దగ్గర అదురు సెకనుకు 12 ప్రాంతంలో ఉంటే టైరు, చక్రం, లేదా హబ్. 51 ఉంటే షాఫ్ట్ బరువు ఒక పక్కకు ఒరిగింది, లేదా షాఫ్ట్ వంగింది. 102 ఉంటే తప్పు బరువులో లేదు, క్రాసుల కోణంలో ఉంది. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. క్రాసు జాయింటు కోణంలో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల కోణానికి ఆ తేడా నామమాత్రం. 10 డిగ్రీలకు మాత్రం వేగం ఒకటిన్నర శాతం మేర ఎక్కువ తక్కువలవుతుంది. ముందు క్రాసు చేసిన ఈ అల్లరిని వెనక క్రాసు రద్దు చేయాలి. అందుకు రెండు కోణాలూ సమానంగా, షాఫ్ట్ రెండు చివరల యోకులూ (క్రాసును పట్టి ఉంచే పంగలు) ఒకే వరసలో ఉండాలి. గేర్‌బాక్స్ మౌంటు కుంగినా, వెనక స్ప్రింగులు ఎత్తు పెంచినా ఈ లెక్క చెడుతుంది. దానికి క్లాంపులు ఎన్ని బిగించినా వృథా.

ఇంకో పరీక్ష. 90 దగ్గర క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వేసి, యాక్సిలరేటర్ వదిలేయండి. అదురు ఆగిపోతే ఇంజను వైపు చూడండి. అలాగే ఉంటే షాఫ్ట్ లేదా చక్రాలు. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని చేయండి. ఇంజను ఆపకండి, బ్రేకు బలం పోతుంది.

తర్వాత కారు కిందికి వెళ్లండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఆక్సిల్ కిందే స్టాండ్లు వేయండి. జాకీని నమ్మి కారు కింద దూరవద్దు. షాఫ్ట్ మీద మట్టి ముద్దలు, తారు, అండర్‌కోటింగ్ గడ్డలు ఉంటే గీకేయండి. నొక్కు పడిందా, అంటించిన బరువు ఊడిన గుర్తు ఉందా చూడండి. క్రాసు కప్పులు (దాని కొనల మీద ఉండే బేరింగు టోపీలు) యోకులో నడిమధ్యన కూర్చున్నాయా అన్నది కొలవండి. మీ విషయంలో నా అనుమానం అక్కడే. క్రాసు మార్చాకే జబ్బు వచ్చిందన్నారు కదా.

ఎందుకంటే, షాఫ్ట్ 9 కిలోలుంటే ఒక్కో చివర మీద నాలుగున్నర కిలోల భారం. సర్‌క్లిప్ (కప్పు జరగకుండా ఆపే రింగు) మందంలో తేడా వల్ల ఒక చివర మధ్య నుంచి 0.1 మి.మీ. జరిగిందంటే 450 గ్రామ్ మిల్లీమీటర్ల అసమతుల్యత. 40 మి.మీ. దూరంలో 11 గ్రాముల బరువు అంటించినంత దోషం అది. హోస్ క్లాంపు స్క్రూ భాగం బరువు కూడా దాదాపు అంతే. మీ ప్రశ్నకు జవాబు ఇదే. 10 గ్రాములు 40 మి.మీ. దూరంలో సెకనుకు 51 చుట్లు తిరిగితే 41 న్యూటన్ల బలంతో లాగుతాయి. నాలుగు కిలోల బరువు షాఫ్ట్‌ను ప్రతి చుట్టులోనూ చుట్టూ ఉన్న అన్ని వైపులకూ గుంజుతున్నట్టు లెక్క. వేగం సగమైతే బలం నాలుగో వంతే. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మీకేమీ తెలియకపోవడానికి కారణం అదే.

వెనకచక్రం:

లేతుమనిషి గారూ, వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చూశాను.

టైరు చుట్టుకొలత సరిగ్గా 2 మీటర్లే వచ్చింది. మాన్యువల్‌లో డిఫరెన్షియల్ నిష్పత్తి కూడా 4.1. న్యూట్రల్‌లో వేసినా అదురు అలాగే ఉంది. యోకులు ఒకే వరసలో ఉన్నాయి. నొక్కులు లేవు. ముందు క్రాసు నడిమధ్యనే ఉంది. వెనక క్రాసు దగ్గర మాత్రం ఒక పక్క కప్పు యోకు అంచు నుంచి లోపలికి ఉన్న దూరానికీ, రెండో పక్క దూరానికీ 0.2 మి.మీ. తేడా వచ్చింది.

ఒక విషయం అర్థం కాలేదు. ఫోనులో కంపనం కొలిచే యాప్ వేసి, సీటు పట్టాకు టేపుతో అంటించి 90 దగ్గర చూస్తే 51 రాలేదు, 49 వచ్చింది. జీపీఎస్ వేగం మీదే నడిపాను. 49కి సరిపోయే వస్తువేది?

లేతుమనిషి:

0.2 తేడా అంటే మధ్య నుంచి 0.1 జరిగిందనే అర్థం. క్రాసు కిట్‌తో వేరే మందం సర్‌క్లిప్పులు దొరికితే ముందు అవి మార్చండి. దొరక్కపోతే క్లాంపు. 49 సంగతి లెక్కలపిచ్చి గారు చెబుతారు, ఫోన్ల సంగతి నాకన్నా ఆయనకు బాగా తెలుసు.

లెక్కలపిచ్చి:

మీ ఫోను సెకనుకు 100 సార్లు కొలుస్తున్నట్టుంది. అలాంటప్పుడు 50కి పైన ఉన్న అదురును అది సరిగ్గా చూడలేదు. పైన ఉన్నది 100 నుంచి వెనక్కి మడతపడి కనిపిస్తుంది. 100 లోంచి 51 తీసేస్తే 49. మీ షాఫ్టే అది, వేరే వస్తువు కాదు. 102 అయితే 2 దగ్గర కనిపించి ఇంకా తికమక పెట్టేది.

అందుకే 70 దగ్గర కొలవండి. అక్కడ షాఫ్ట్ సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది, ఫోను పరిధిలోనే ఉంటుంది. యాప్ గ్రాఫులో 40 దగ్గర గీత లేస్తే సందేహం అక్కర్లేదు. ఆ గీత ఎత్తు రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెనకచక్రం:

40 దగ్గరే నిటారుగా లేచింది! యాప్ చూపిన ఎత్తు 30. సర్‌క్లిప్పులు వేరే మందంలో దొరకలేదు. క్లాంపు ఎలా వేయాలో చెప్పండి.

లేతుమనిషి:

అదురు సీటు కింద తెలుస్తోందన్నారు, తప్పు కూడా వెనక క్రాసులోనే దొరికింది. కాబట్టి షాఫ్ట్ వెనక చివర, గొట్టానికి యోకు అతికిన వెల్డింగ్ పక్కనే పని మొదలుపెట్టండి. షాఫ్ట్ నడిమధ్యన ఎప్పుడూ వేయవద్దు, అక్కడ బరువు పడితే గొట్టం వేగంలో వంగుతుంది.

క్లాంపుకు ముందు డబ్బు ఖర్చు కాని పని ఒకటుంది. వెనక ఫ్లాంజ్‌కూ షాఫ్ట్‌కూ కలిపి పెయింటుతో గుర్తు పెట్టి, బోల్టులు విప్పి, షాఫ్ట్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూడండి. ఫ్లాంజ్ వంకర, షాఫ్ట్ వంకర ఇదివరకు ఒకే వైపు ఉండి ఉంటే ఇప్పుడు ఎదురెదురై కొంత కొట్టుకుపోతాయి. ఎక్కువైతే మళ్లీ గుర్తుకు తెచ్చి బిగించండి. బోల్టుల బిగువు మాన్యువల్‌లో ఉన్నంతే. ఇది చదివే మిగతావాళ్లకు: రెండు ముక్కల షాఫ్ట్ అయితే మధ్య స్ప్లైన్లను (ఒకదానిలో ఒకటి కూర్చునే పళ్లను) గుర్తు పెట్టకుండా విడదీయవద్దు. ఒక్క పన్ను తప్పి కూర్చున్నా ఫ్యాక్టరీ బ్యాలెన్స్ పోయినట్టే, పైగా యోకుల వరస కూడా తప్పుతుంది.

క్లాంపు విషయానికి వస్తే, గొట్టం చుట్టూ సమాన దూరంలో నాలుగు గుర్తులు పెట్టండి, 1 నుంచి 4 దాకా. స్క్రూ 1 మీద ఉండేలా బిగించి నడిపి చూడండి, తర్వాత 2, 3, 4. పట్టీ చుట్టూ సమంగా ఉంటుంది కాబట్టి దాని బరువుకు లెక్క లేదు, స్క్రూ ఉన్న చోటే బరువు. తోక మిగిలితే కత్తిరించేయండి. బిగించాక షాఫ్ట్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, స్క్రూ హ్యాండ్‌బ్రేక్ కేబులుకూ సైలెన్సర్ గొట్టానికీ తగలడం లేదని చూడండి. కారు గతుకులో పడితే ఆక్సిల్ పైకి లేస్తుంది, ఆ ఖాళీ కూడా ఉండాలి.

నాలుగు చోట్లా ఒకేలా ఉంటే ఆపేయండి. తప్పు ఆ చివరలో లేదు, లేదా అది బరువు తప్పు కాదు. ఒక చోట తగ్గి, దానికి ఎదురుగా పెరిగితే దారి సరైనదే. తగ్గిన చోటే రెండో క్లాంపు వేయండి. ఇంకా తగ్గితే సరి, పెరిగితే రెండు స్క్రూలనూ ఆ గుర్తుకు చెరో వైపు సమానంగా జరుపుతూ పోండి. రెండూ కలిసి ఉన్నప్పుడు రెండింతల బరువు. మధ్య 90 డిగ్రీలు వస్తే ఒకటిన్నరకు కాస్త తక్కువ. 120 వస్తే ఒక్క క్లాంపుతో సమానం. పూర్తిగా ఎదురెదురైతే సున్నా.

స్టాండ్ల మీద కారు ఎత్తి, ఇంజనుతో షాఫ్ట్ తిప్పి, సుద్దముక్క ఆనించి బరువు వైపు కనిపెట్టే పాత పద్ధతి ఎవరైనా చెబితే వినవద్దు. తిరిగే షాఫ్ట్ దగ్గర చెయ్యి పెట్టడం ఒక తెలివితక్కువతనం. సుద్ద తగిలిన వైపే బరువైన వైపు అనుకోవడం రెండోది. వేగం అనునాద స్థాయిని (షాఫ్ట్ అన్నిటికన్నా ఎక్కువగా ఊగే వేగాన్ని) దాటాక ఉబ్బే వైపు, బరువైన వైపు ఎదురెదురవుతాయి. ఆక్సిల్ వేలాడుతుంటే కోణాలూ మారతాయి. బిగించడం స్టాండ్ల మీద, ఇంజను ఆపి. పరీక్ష రోడ్డు మీద.

లెక్కలపిచ్చి:

నాలుగు చోట్ల తిప్పి "ఇది కాస్త మేలు, అది కాస్త కీడు" అనుకోవడం కన్నా మూడు చోట్ల కొలిస్తే జవాబు సూటిగా వస్తుంది. 0, 120, 240 డిగ్రీల దగ్గర ఒకే క్లాంపు వేసి, ప్రతిసారీ 70 వేగంలోనే 40 దగ్గర గీత ఎత్తు రాయండి. రోడ్డు, టైర్లలో గాలి, కారులో మనుషులు మారకూడదు.

లేతుమనిషి:

ఆయన మాట వినండి. చెవికి, పిరుదులకు తెలియని తేడా కాగితం మీద తెలుస్తుంది.

వెనకచక్రం:

ఫ్లాంజ్ అర చుట్టు తిప్పితే తేడా పెద్దగా లేదు, మళ్లీ గుర్తుకే తెచ్చాను. క్లాంపు లేనప్పుడు 30. క్లాంపు 0 దగ్గర 33, 120 దగ్గర 20, 240 దగ్గర 49. గొట్టం వ్యాసం 70 మి.మీ.

లెక్కలపిచ్చి:

అచ్చంగా కావలసిన అంకెలు. కాగితం మీద 30 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. దాని అంచు మీద 0, 120, 240 డిగ్రీల దగ్గర చుక్కలు పెట్టండి. మొదటి చుక్క కేంద్రంగా 33, రెండోదానికి 20, మూడోదానికి 49 వ్యాసార్ధంతో వృత్తాలు గీస్తే మూడూ దాదాపు ఒకే చోట కలుస్తాయి. పెద్ద వృత్తం కేంద్రం నుంచి ఆ చోటు 20 మి.మీ. దూరంలో, 80 డిగ్రీల దిశలో ఉంది. మూడూ ఒక చోట కలవకపోతే కొలతల్లో ఎక్కడో తేడా ఉందని గ్రహించాలి. మీవి కలిశాయి.

అంటే ఒక క్లాంపు ప్రభావం 20, మీ దోషం 30. ఒకటిన్నర క్లాంపుల బరువు 80 డిగ్రీల దగ్గర కావాలి. రెండు క్లాంపులు వేసి, 80 డిగ్రీల గుర్తుకు చెరో వైపు 41 డిగ్రీలు జరపండి. మీ గొట్టం చుట్టుకొలత 220 మి.మీ. కాబట్టి గుర్తు నుంచి ఒక్కో స్క్రూకు 25 మి.మీ. దూరం.

చిన్నకారు:

మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. నాది ముందు చక్రాలతో నడిచే కారు. వేగం పెంచేటప్పుడు అదురుతుంది, యాక్సిలరేటర్ వదిలితే పోతుంది. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

లేతుమనిషి:

పనిచేయదండీ. మీ కారులో డ్రైవ్ షాఫ్టులు పొట్టివి, చక్రంతో సమానమైన వేగంతోనే తిరుగుతాయి. బరువు తేడా అంతగా పట్టించుకోవు. లాగేటప్పుడే అదిరి, వదిలితే ఆగిందంటే గేర్‌బాక్స్ వైపు లోపలి జాయింటు అరిగి ఉంటుంది. దాన్ని మార్చాల్సిందే.

వెనకచక్రం:

రెండు క్లాంపులు, చెరో 25 మి.మీ. వేశాను. 70 దగ్గర గీత 30 నుంచి 5కి పడిపోయింది. 90 దగ్గర రొద పోయింది, పక్కవాళ్లు అడిగితే తప్ప గుర్తుకు రానంత సన్నని కదలిక మిగిలింది. ముందు చివర కూడా ఇలాగే చేస్తే ఆ 5 కూడా పోతుందా? ఇంకో మాట, ఈ క్లాంపులను ఇలాగే వదిలేయవచ్చా, లేక అంత బరువు ఇనుప ముక్క వెల్డింగ్ చేయించాలా?

రెంచి:

నేను వద్దన్నాను, మీరు చేసి చూపించారు. సంతోషమే. కానీ క్లాంపులు శాశ్వతంగా ఉంచడానికి ఇప్పటికీ నా మనసు ఒప్పుకోవడం లేదు.

లేతుమనిషి:

ఆ 5 కోసం ముందు చివర జోలికి పోవద్దు. ముందు బరువు మారిస్తే వెనకది కూడా కదులుతుంది, రెండు చివరలనూ కలిపి లెక్క కట్టాలి. అంత అవసరం వస్తే అప్పుడు రెంచి గారి మెషిన్ దగ్గరికి వెళ్లండి.

క్లాంపుల విషయంలో రెంచి గారిది నిజమే, కొంతవరకు. స్టెయిన్‌లెస్ రకం, పట్టీ నిండా పళ్లున్నవి, సరిగ్గా బిగిస్తే చాలాకాలం ఉంటాయి. కొన్ని రోజులు నడిపాక ఒకసారి, తర్వాత ఆయిలు మార్చినప్పుడల్లా బిగువు చూడండి. స్క్రూల స్థానం పక్కనే గొట్టం మీద పెయింటు గీత పెట్టుకుంటే జరిగాయో లేదో చూపులోనే తెలుస్తుంది.

వెల్డింగ్ చేయిస్తే షాఫ్ట్‌ను కారు నుంచి విప్పాకే చేయించండి. ఎర్త్ క్లాంపును షాఫ్ట్ గొట్టానికే, వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా తగిలించమనండి. క్రాసుకు అవతలి వైపు యోకుకో, ఫ్లాంజ్‌కో తగిలిస్తే కరెంటు క్రాసు సూది బేరింగుల గుండా పోయి వాటి ముఖాలను కాల్చేస్తుంది. కొత్త క్రాసులు మళ్లీ కొనాల్సి వస్తుంది. వెల్డింగ్ పొడుగునా లాగకుండా చుక్కలుగా వేయమనండి, పొడుగు వెల్డింగ్ వేడికి గొట్టం వంగుతుంది. అంటించే ముక్క బరువు స్క్రూ భాగానికి ఒకటిన్నర రెట్లు, చోటు 80 డిగ్రీల గుర్తు. అతికించాక మళ్లీ 70 దగ్గర గీత కొలవండి.